ఇంకా ఖాళీ కాని కుర్చీ

పోయిన ఆదివారం పొద్దున్న మా వీధి చివరింట్లో అద్దెకుంటున్న అమ్మాయి మా ఇంటికొచ్చి, కాఫీ వద్దంటూనే తాగి, వచ్చిన పని చెప్పడానికి ముప్పావుగంట మొహమాటపడింది. హెచ్-వన్ వీసా మీద పనిచేస్తున్న పిల్ల. కిందటి నెల ఉద్యోగం పోయింది. అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే దేశం వదలాలి, అందులో నలభై రోజులు అప్పుడే అయిపోయాయి. మా అమ్మాయి ఫ్రీమాంట్‌లో పెద్ద కంపెనీలో మేనేజరుగా ఉందని ఎవరో చెప్పారట. చివరికి కప్పు కింద పెట్టి, తల వంచుకుని అడిగింది. "ఆంటీ, అక్కని ఒక్క రిఫరల్ అడుగుతారా? వాళ్ళ టీంలో ఒకామె మెటర్నిటీ లీవ్‌లో ఉందంట. మళ్ళీ జాయిన్ అవ్వకపోవచ్చని విన్నా. వాళ్ళు ఓపెనింగ్ పోస్ట్ చేసేలోపే నా రెజ్యుమే అక్క దగ్గరుంటే..." అని ఆగిపోయింది.

ఆ వాక్యం పూర్తి చెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు. అడుగుతానని చెప్పాను, ఆ పిల్ల గడప దాటకముందే ఫోన్ చేసి అడిగాను కూడా. తర్వాత మాత్రం పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవబుద్ధి కాక అక్కడే కూర్చుండిపోయాను. ఒకరు లేవకముందే వాళ్ళ కుర్చీ అడగడం నేనూ చేశాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, మావారికి సగమే చెప్పాను.

మేమప్పుడు ఎడిసన్‌లో ఉండేవాళ్ళం. డాట్‌కామ్ కంపెనీలు ఒకదాని వెనక ఒకటి మూతబడుతున్న రోజులవి. మన తరం వాళ్ళకి ఆ రోజుల గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. ఓక్‌ట్రీ రోడ్డు మీద కూరగాయల కొట్లో పట్టపగలు నలుగురు మగాళ్ళు ఒక్కో బెండకాయా తుంచి చూస్తూ తీరిగ్గా ఏరుతున్నారంటే ఆ నలుగురికీ ఉద్యోగాలు లేవని అర్థం. మావారూ ఒకనాడు వాళ్ళలో చేరారు. ఆయన కంపెనీ మనుషుల్ని తీసెయ్యలేదు, ఏకంగా తలుపులే మూసేసింది, దాంతో ఉద్యోగంతో పాటు ఇన్సూరెన్సూ పోయింది. ఉద్యోగం పోయిందని ఆయన బాధపడుతుంటే ఇన్సూరెన్స్ పోయిందని నాకు నిద్ర పట్టేది కాదు, ఎందుకంటే అప్పటికి పదకొండేళ్ళున్న మా అమ్మాయికి వెన్నెముక పక్కకి వంగడం మొదలుపెట్టి రెండేళ్ళయింది.

చంకల దగ్గర్నుంచి తుంటి దాకా గట్టి ప్లాస్టిక్ చట్రం ఒకటి బిగించుకుని బడికి వెళ్ళేది పిల్ల. దాన్ని బ్రేస్ అంటారు. దానితో వంపు ఆగితే సరి, ఆగకపోతే ఆపరేషన్ చేసి ఇనపకడ్డీలు వెయ్యాలి, ఈ వేసవి దాటనివ్వద్దు, దాటితే వంపు ఊపిరితిత్తుల మీదకొస్తుంది అని డాక్టరు గారు ఫిబ్రవరిలో చెప్పారు. వంపు ఆగలేదు. కొత్తగా ఇన్సూరెన్స్ తీసుకుందామంటే, ముందునుంచీ ఉన్న జబ్బుకి మేమివ్వమని ప్రతి కంపెనీ వాళ్ళూ మర్యాదగా చెప్పి ఫోన్ పెట్టేసేవాళ్ళు. గ్రీన్‌కార్డు వచ్చి ఏడాదే అయింది కాబట్టి ప్రభుత్వ సాయమూ రాదన్నారు. మావారు టెక్సాస్‌లో కాపెల్‌లో ఉన్న స్నేహితుడింటికి వెళ్ళి, అక్కడేదో మూణ్ణెల్ల కాంట్రాక్టు పట్టుకున్నారు గానీ అందులో జీతం తప్ప ఇంకేమీ లేదు. నేను ఏడిస్తే పిల్లే నన్ను ఓదార్చేది. "అమ్మా, ఐ యామ్ ఫైన్. బ్రేస్ టైట్‌గా లేదు, నిజం. యూ డోంట్ క్రై" అనేది, విప్పి చూస్తే నడుం చుట్టూ ఎర్రగా ఒరుసుకుపోయి ఉండేది.

ఇంత కష్టంలోనూ నాకొక చిన్న పని ఉండేది. చరిత్రలో ఎమ్మే చదివిన దానికి ఈ దేశంలో ఏం పని దొరుకుతుందని అందరూ నవ్వారు గానీ, రైల్లో వెళ్తే ముప్పావుగంట దూరంలో ప్రభుత్వం వారి పాత పత్రాల ఆఫీసు ఒకటి ఉండేది, అందులో గంటల లెక్కన పనిచేసేదాన్ని. ఇన్సూరెన్స్ లేదు, సెలవుల్లేవు. అమెరికా కొత్తగా స్వతంత్ర దేశమైన తొలి రోజుల్లో ఒక సెనేటరు గారికి జనం రాసుకున్న ఉత్తరాలు అట్టపెట్టెల నిండా ఉండేవి. వాటిని చదివి కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని.

ఆ ఉత్తరాల్లో తొంభై పాళ్ళు ఉద్యోగాల కోసం రాసినవే. అప్పుడు పరీక్షలూ లేవు, ప్రకటనలూ లేవు. ఓడరేవులో సుంకం వసూలు చేసే పదవి, పోస్ట్‌మాస్టరు పదవి, లైట్‌హౌస్‌లో దీపం వెలిగించే పదవి, ఏది కావాలన్నా ప్రెసిడెంటు గారి దయ ఉండాలి, ఆయన చెవిన వెయ్యడానికో పెద్దమనిషి ఉండాలి. అందుకని ఈ సెనేటరు గారికి రాసేవాళ్ళు. ప్రతి ఉత్తరమూ తమరి అమూల్యమైన కాలాన్ని వృథా చేస్తున్నందుకు క్షమించమంటూ మొదలయ్యేది. తర్వాత యుద్ధంలో తగిలిన గాయం, తర్వాత పిల్లల సంఖ్య, తర్వాత అసలు సంగతి. చదువుతుంటే మా నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తాగా ఉన్నప్పుడు ఇంటికొచ్చే అర్జీలే గుర్తొచ్చేవి. దేశం వేరు, భాష వేరు, బతిమాలడం మాత్రం ఒక్కటే. ఎవరూ ధైర్యంగా అడిగినట్టు ఉండదు, అందరూ చేతులు కట్టుకుని నిలబడి రాసినట్టే ఉంటుంది.

ఆ పాత చేతిరాత చదవడం నాకు నేర్పింది మా పక్క బల్ల పెద్దాయన. తెల్లాయన, అరవై దాటినవాడు, మనిషి సన్నగా పొడుగ్గా ఉండేవాడు, మాట తక్కువ. ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క పూర్తిస్థాయి గుమాస్తా ఉద్యోగం ఆయనది. ఆఫీసుకొచ్చిన ప్రతి కవరూ ఆయనే విప్పాలి, ఆ కాగితం వెనక్కి తిప్పి, ఎవరు రాశారు, ఎప్పుడు, ఏం కావాలట అని పెన్సిల్‌తో రెండు ముక్కలు రాసి, డైరెక్టరు గారి ట్రేలో పెట్టాలి. రెండు వందల ఏళ్ళ నాటి సెనేటరు గుమాస్తా కూడా సరిగ్గా అలాగే చేశాడని, ఆ అలవాటు మార్చడానికి తనకు కారణం కనబడలేదని ఆయన చెప్పేవాడు. నేను పులిహోర తెస్తే సగం ఆయనకే పెట్టేదాన్ని. కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తినేవాడు గానీ ఎన్నడూ వద్దనలేదు.

ఒకనాడు నాకో ఉత్తరం తగిలింది. లైట్‌హౌస్ పదవి కోసం ఒక పల్లెటూరాయన రాసింది. అక్కడున్న కాపలాదారు ఆదివారం నుంచీ మంచం మీదే ఉన్నాడు, ఈ వారం దాటడని వైద్యుడన్నాడు, అతడు నా ఇరుగువాడు, స్నేహితుడు, కాబట్టి ఆ పదవి ఎవరో పరాయివాడికి పోయే బదులు నాకే రావడం అతనికీ తృప్తిగా ఉంటుంది అని రాశాడు. నేను పగలబడి నవ్వి, దాన్ని పైకి చదివాను. పెద్దాయనా నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గాడు. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. అది మామూలు దగ్గు కాదని నెల తిరక్కుండానే తెలిసింది. ఊపిరితిత్తుల్లో క్యాన్సరు, ముదిరిపోయింది, ఆసుపత్రిలో చేరాడు, ఇక రాడని ఆఫీసులో అందరూ గుసగుసలాడుకున్నారు.

మీరు నా గురించి ఏమనుకున్నా సరే, ఆ గుసగుస వినగానే నాకు ముందు తట్టింది ఆయన కాదు, ఆయన ఇన్సూరెన్స్. ఆ కుర్చీతో పాటు మొదటిరోజు నుంచే ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్స్ వస్తుంది, ముందునుంచీ జబ్బుందా లేదా అని ఎవరూ అడగరు. ఆ సాయంత్రం రైలు దిగి ఇంటికి వెళ్ళకుండా నేరుగా మా బావగారి మందుల షాపుకి వెళ్ళాను.

ఈ బావగారు మావారి పెదనాన్నగారి అబ్బాయి. షాపు గోడ నిండా స్థానిక నాయకులతో ఆయన దిగిన ఫొటోలే ఉండేవి. మా ప్రాంతపు అసెంబ్లీ సభ్యుడు దీపావళికి ఆయన ఇంటికొచ్చి గారెలు తిని వెళ్ళాడు. సంగతంతా విని ఆయన, "అమ్మాయ్, ఇక్కడ సిఫార్సు లేదని ఎవరన్నా చెప్తే నమ్మకు. ఉంది. కాకపోతే ఇంగ్లీషులో ఉంటుంది. నీ కష్టం అంతా రాసివ్వు, నేను అసెంబ్లీ మెంబర్‌తో కవరింగ్ లెటర్ పెట్టించి మీ డైరెక్టరుకి పంపిస్తా. సీటు ఖాళీ అవుతోందని క్లియర్‌గా రాయి, లేకపోతే వాళ్ళకి అర్జెన్సీ తెలీదు" అన్నారు. ఊళ్ళో మా అన్నయ్యకి ఫోన్ చేస్తే వాడు ఇంకో అడుగు ముందుకేసి, తిరుమల దర్శనానికి రాయించుకున్నట్టే మా ఎమ్మెల్యే గారి చేత నా గురించి ఒక లెటరు రాయించి ఫ్యాక్స్ చేశాడు. ఈమె మా నియోజకవర్గానికి చెందిన గౌరవనీయ కుటుంబపు ఆడపడుచు, ఈమెకు తగు సహాయం చేయగలరు అని ఉంది అందులో, పైన మూలన తెల్లచొక్కా వేసుకుని నమస్కారం పెడుతున్న ఫొటోతో సహా. మామూలప్పుడైతే నేనే నవ్వేదాన్ని. అప్పుడు దాన్ని రెండు చేతులా తీసుకుని జాగ్రత్తగా జతపరిచాను.

ఉత్తరం శనివారం పొద్దున్న వంటింటి బల్ల మీద కూర్చుని రాశాను. పిల్ల పక్కగదిలో బ్రేస్‌తో వంగలేక నిలబడే హోంవర్క్ చేసుకుంటోంది. తమరి అమూల్యమైన కాలాన్ని వృథా చేస్తున్నందుకు క్షమించమని మొదలుపెట్టాను. పిల్ల జబ్బు రాశాను. తర్వాత, ప్రస్తుతం ఆ ఉద్యోగంలో ఉన్నవారు తీవ్రమైన అనారోగ్యంతో ఉన్నారు, తిరిగి విధుల్లో చేరే అవకాశం లేదని తెలుస్తోంది, వారికి నేను బాగా తెలుసు అని రాశాను. లైట్‌హౌస్ ఉత్తరం గుర్తు రాలేదా అంటే వచ్చింది. ఆ వాక్యం నాకు అక్కణ్ణుంచే దొరికింది.

నేను చేసిన పొరపాటు మనవాళ్ళు మాత్రమే చేసేది. నాయకుడి లెటరుతో వెళ్ళిన కాగితం ఎక్కడా ఆగకుండా పెద్దాఫీసరు గారి చేతిలోనే పడుతుందని, మధ్యలో గుమాస్తాలు దాన్ని ముట్టుకోరని, మన ఊళ్ళ ఆఫీసులు చూసి పెరిగిన నేను గట్టిగా నమ్మాను. ప్రతి కవరూ పక్క బల్ల మీదకే వస్తుందని రోజూ కళ్ళారా చూస్తూ కూడా, ఈ ఒక్కటీ రాదనుకున్నాను. పైగా ఆ బల్ల దగ్గర ఇప్పుడెవరూ లేరు కదా అనుకున్నాను.

మూడు వారాల తర్వాత ఒక సోమవారం నేను వెళ్ళేసరికి పెద్దాయన తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చొక్కా కాలరులో ఇంకో మెడ పట్టేంత ఖాళీ ఉంది. ఎదురుగా ఇన్నాళ్ళ టపా గుట్టగా పడి ఉంటే ఒక్కొక్క కవరూ కత్తితో కోస్తూ, చదువుతూ, వెనక పెన్సిల్‌తో రాస్తూ ఉన్నాడు. గుట్ట అడుగున అసెంబ్లీ సభ్యుడి ముద్ర ఉన్న పొడుగు కవరు అంచు నాకు కనబడింది. దగ్గరికి వెళ్ళి, మీరు విశ్రాంతి తీసుకోండి, ఇవన్నీ నేను చూస్తానన్నాను. తనకు చేతనయ్యే పని ఇదొక్కటే మిగిలిందని, దాన్ని లాక్కోవద్దని నవ్వుతూ అన్నాడు. వెళ్ళి నా చోట కూర్చున్నాను. కంప్యూటర్ ముందు రెండు గంటలు కూర్చున్నాను, ఒక్క ముక్క ఎక్కించలేదు. కోసిన చప్పుడు వినబడినప్పుడల్లా అదేనేమో అని చచ్చిపోయేదాన్ని.

పదకొండింటికి అది ఆయన చేతిలోకి వచ్చింది. నా ఉత్తరం చదివాడు. రెండో పేజీ తిప్పాడు. ఎమ్మెల్యే గారి ఫొటో కేసి కాసేపు చూశాడు. తర్వాత మళ్ళీ మొదటి పేజీకి వచ్చి, ఆ వాక్యం దగ్గరే అనుకుంటాను, ఆగాడు. కాగితాన్ని బోర్లించి, అన్నిటికీ రాసినట్టే దానికీ పెన్సిల్‌తో ఏదో రాసి, ట్రేలో పెట్టి, తర్వాతి కవరు అందుకున్నాడు. నా వైపు చూడలేదు. భూమిలోకి కుంగిపోవాలనిపించడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయనే వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. నేను క్షమాపణ మొదలుపెట్టబోతే చేత్తో ఆపి, తన సంగతి చెప్పాడు. భార్యకు నరాల జబ్బు, వారానికో ఖరీదైన సూదిమందు పడకపోతే కాళ్ళు పడిపోతాయి. ఇరవై అయిదేళ్ళ సర్వీసు నిండితే ఇద్దరికీ జీవితాంతం ఇన్సూరెన్స్ ఉంటుంది, తాను పోయినా ఆవిడకి ఉంటుంది. నిండకపోతే ఏమీ ఉండదు. నిండడానికి ఇంకా నాలుగు నెలలుంది. అందుకే డాక్టర్లు వద్దంటున్నా వస్తున్నాడు, వస్తూనే ఉంటాడు. ఇంత చెప్పి, వెటకారం ఏ కోశానా లేకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. "మీ పాప నాలుగు నెలలు ఆగగలదా?"

వేసవి దాటనివ్వద్దన్న డాక్టరు మాట నా చెవిలో ఉంది. నాలుగు నెలలంటే సరిగ్గా వేసవి అంచు. ఆగుతుందన్నాను. ఆయన తలూపి, మందులతో నోరు చేదయిపోయిందని, పులిహోర ఉంటే కొంచెం పెట్టమన్నాడు.

ఆ నాలుగు నెలలూ నేను బతికిన బతుకు ఎవరికీ రాకూడదు. ఆయన బరువులెత్తకుండా పెట్టెలు నేనే మోశాను. బల్ల మీద తలవాల్చి నిద్రపోతే డైరెక్టరు గారికి కనబడకుండా అల్మరా తలుపు తెరిచి అడ్డంగా నిలబడ్డాను. పొద్దున్నే పిల్లకి స్నానం చేయిస్తూ వెన్నెముక వెంట వేలు పెట్టి జరిపి చూసేదాన్ని. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియదని తెలిసినా చూడకుండా ఉండలేకపోయేదాన్ని. ఆ తర్వాత రైలెక్కి ఆఫీసుకి వెళ్ళి, పార్కింగులో ఆయన పాత నీలం కారు ఉందా లేదా అని చూసేదాన్ని. ఉండేది. హమ్మయ్య అనిపించేది, నిజమే. దాని కిందే, ఇవాళ కూడా వచ్చాడా అని కూడా అనిపించేది. ఆ రెండోది అనిపించిన రోజున ఆయనకి ఇంకాస్త ఎక్కువ సేవ చేసేదాన్ని. పులిహోరలో జీడిపప్పు ఎక్కువ వేసేదాన్ని. ఆయనకి ఇదంతా అర్థమయ్యే ఉంటుంది.

జులై నెలలో ఒకరోజు కారు లేదు. మర్నాడూ లేదు. మూడోరోజు ఆయన పోయాడని డైరెక్టరు గారు అందర్నీ పిలిచి చెప్పారు. సర్వీసు నిండడానికి ఇంకా పంతొమ్మిది రోజులుంది.

ఆ వారంలోనే డైరెక్టరు గారు నన్ను గదిలోకి పిలిచి, ఆ ఉద్యోగానికి నన్ను తీసుకుంటున్నామన్నారు. అసెంబ్లీ సభ్యుడి మాట వల్ల కాదని ఆవిడ కొంచెం గట్టిగానే చెప్పి, అలాంటి లెటర్లు నెలకి పది వస్తాయన్నారు. నా ఉత్తరాన్ని తిప్పి చూపించారు. వెనక పెన్సిల్‌తో నా పేరు, తేదీ, కోరిన పదవి ఉన్నాయి. వాటి కింద ఆయన ఇంకో వరస రాశాడు. జాగ్రత్త గల మనిషి, పాత రాత బాగా చదువుతుంది, కూతురికి జబ్బు, ఆలస్యం చేయవద్దు. తన కుర్చీ అడిగిన ఉత్తరం మీద, నాతో ఇంకా మాట్లాడకముందే, ఆ పదకొండు గంటలప్పుడు రాశాడు అది. నాకు ఈ దేశంలో దొరికిన ఒకే ఒక్క సిఫార్సు అదే.

ఆగస్టులో మా అమ్మాయికి ఆపరేషన్ అయింది. తొమ్మిది గంటలు పట్టింది. బావగారు బయట బెంచీ మీద కూర్చుని, తన వల్లే ఉద్యోగం వచ్చిందని అందరికీ ఫోన్లో చెప్పుకున్నారు, నేను కాదనలేదు. పిల్ల లేచి నిలబడితే నా భుజం దాటి వచ్చింది. వంపులో ఇన్నాళ్ళూ అంత ఎత్తు దాగి ఉందని మాకు తెలియలేదు.

పిల్ల ఇంటికొచ్చిన వారానికి పెద్దాయన భార్య ఆఫీసుకి వచ్చింది, ఆయన వస్తువులు తీసుకెళ్ళడానికి. చేతికర్ర ఊతతో మెల్లగా నడుస్తోంది. నేను ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాను. చటుక్కున లేచి నిలబడితే, కూర్చోమని భుజం తట్టి, ఆయన కళ్ళజోడు పెట్టె, పెన్సిళ్ళు సంచిలో వేసుకుంది. వెళ్ళబోతూ ఆగి, మీ పాప గురించి ఆయన ఎప్పుడూ చెప్పేవాడు, ఎలా ఉంది అని అడిగింది. బాగుందన్నాను. చాలా సంతోషం అంది. మీరెలా ఉన్నారు, మీ మందులు ఎలా అని నేను అడగాల్సింది. గుమ్మం దాకా సంచి మోసి, తలుపు తీసి పట్టుకున్నాను.

ఇరవై ఏళ్ళకు పైగా ఆ కుర్చీలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఆ ఆఫీసులో ఉత్తరాలు లేవు. ఉద్యోగం కావాలంటే కంప్యూటర్లో ఒక నంబరు వెతుక్కుని దానికి అప్లై చెయ్యాలి. పిల్లల జబ్బులు రాయడానికి అందులో జాగా లేదు. ఆ నంబరు వెనక ఎవరున్నారో, వాళ్ళెందుకు వెళ్ళిపోతున్నారో అడిగేవాళ్ళకి తెలియదు, అడుగుతున్నది ఎవరో వెళ్ళేవాళ్ళకీ తెలియదు. ఇదే న్యాయమని అందరూ అంటారు, నేనూ ఒప్పుకుంటాను. చేతులు కట్టుకుని నిలబడే అవస్థ ఎవరికీ ఉండకూడదు. కానీ ఆ పద్ధతిలో, మీ పాప నాలుగు నెలలు ఆగగలదా అని అడగడానికి మనిషి మిగల్లేదే అని అప్పుడప్పుడూ మనసు పీకుతుంది.

పెద్దాయన భార్య ఫోన్ నంబరు ఆఫీసు రిజిస్టరులో ఉండేది. సర్వీసు రూలు ఎవరైనా సడలించారో లేదో, ఆ సూదిమందు ఆవిడకి ఎన్నాళ్ళు అందిందో తెలుసుకోవడానికి ఒక్క ఫోను చాలు. రిజిస్టరు నా చెయ్యి చాపితే అందే దూరంలోనే ఉండేది. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా నేను ఆ ఫోన్ చెయ్యలేదు.